అమ్మ "ఏం లేదులే" అంటోంది, జబ్బల మీద మాత్రం కమిలిన గుర్తులు: ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ముందు క్లుప్తంగా రాస్తాను, మిగతావాళ్ళకి కూడా సంగతి తెలియాలి కదా. మీ అమ్మగారికి 74 ఏళ్ళు. నాన్నగారు పోయి ఆరేళ్ళయింది. రేపల్లె వైపు పల్లెలో మీ అన్నయ్య, వదినల దగ్గర ఉంటున్నారు. నాలుగేళ్ళ కిందట ఇల్లు, ఎకరంన్నర పొలం అన్నయ్య పేరున గిఫ్ట్ డీడ్ రాసిచ్చారు. మీరు బెంగళూరులో ఉంటారు. ఏడాదిగా ఎప్పుడు ఫోన్ చేసినా అన్నయ్యే ఎత్తి, స్పీకర్ పెట్టి మాట్లాడిస్తున్నాడు. మొన్న పండక్కి వెళ్తే అమ్మ బాగా చిక్కిపోయి ఉన్నారు, రెండు జబ్బల మీదా నల్లగా కమిలి ఉంది. అడిగితే "బాత్రూంలో జారానమ్మా, ఏం లేదులే" అన్నారు. పెన్షన్ సంగతి అడిగితే "వాడే చూసుకుంటాడు" అన్నారు. పోలీసు కేసు పెట్టాలా, ఆస్తి వెనక్కి వస్తుందా, అసలు ఇదంతా నా అనుమానమేనా అని అడిగారు.

నేను సంక్షేమ శాఖలో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. చివరి పదేళ్ళూ ఎక్కువగా వృద్ధుల అర్జీలే చూశాను. ఇప్పుడు మా ఊళ్ళో నలుగురైదుగురం కలిసి, ఆర్డీవో ఆఫీసుకి వచ్చే పెద్దవాళ్ళకి అర్జీలు రాసిపెడుతుంటాం. కాబట్టి చట్టం గురించీ చెప్తాను, చట్టం పుస్తకంలో ఉండని సంగతులూ చెప్తాను.

మీది అనుమానం మాత్రమే అని నేను అనుకోవడం లేదు. జారిపడిన మనిషికి మోచేయి, మోకాలు, తుంటి, మణికట్టు, నుదురు ఇలాంటి చోట్ల దెబ్బ తగులుతుంది. రెండు జబ్బల మీదా ఒకేలా కమిలిందంటే ఎవరో గట్టిగా పట్టుకుని ఊపారనో, లాగారనో ముందు అనుకోవాలి. అయితే రక్తం పలచబడే మందులు వాడే పెద్దవాళ్ళకి మంచం మీంచి లేపేటప్పుడు పట్టుకున్నా కమిలిపోతుంది, వయసుకి చర్మం అంత పలచబడుతుంది. అమ్మగారు గుండెకి మందులు వాడుతున్నారేమో చూడండి. ఒక్క గుర్తు పట్టుకుని తీర్పు చెప్పేయకూడదు. కానీ కమిలిన గుర్తులు, చిక్కిపోవడం, ఫోన్ స్పీకర్‌లో, పెన్షన్ చేతికి రాకపోవడం, ఈ నాలుగూ ఒకే ఇంట్లో కనిపిస్తున్నాయంటే నేను చూసిన అర్జీల్లో నూటికి తొంభై నిజంగా వేధింపులే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 60 దాటినవాళ్ళలో దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు ఏడాదిలో ఏదో ఒక రకం వేధింపుకి గురవుతున్నారు. బయటికి వచ్చేది అందులో చాలా తక్కువ. మన దగ్గర ఎందుకు బయటికి రాదో మీకు వేరే చెప్పక్కర్లేదు. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది అని మన పెద్దవాళ్ళు చిన్నప్పటి నుంచీ విన్నారు. మీ అమ్మగారు అన్న "ఏం లేదులే" అక్కడి నుంచి వచ్చిన మాటే.

ఇప్పుడు పోలీసుల సంగతి. ఇవాళ, ఈ పూట ప్రాణానికి ప్రమాదం అనిపిస్తే రెండో ఆలోచన వద్దు, 112కి గానీ 100కి గానీ ఫోన్ చేయండి. తిండి పెట్టకపోవడం, గదిలో పెట్టి తాళం వేయడం, తలకి దెబ్బ, ఇన్సులిన్ ఆపేయడం లాంటివి ఆగి ఆలోచించాల్సినవి కావు. అంత అత్యవసరం లేకపోతే మాత్రం, అమ్మగారితో ఒంటరిగా మాట్లాడకుండా ఇంటికి పోలీసులని పంపించకండి. ఇది నేను నా తప్పు నుంచి నేర్చుకున్నాను.

చాలా ఏళ్ళ కిందట ఒక ఊళ్ళో ఎనభై దాటిన ఒకావిడని పశువుల పాక పక్కన రేకుల గదిలో ఉంచారని, బయట గొళ్ళెం పెడుతున్నారని పక్కింటివాళ్ళు చెప్పారు. నేను ఆవేశంగా ఇద్దరు కానిస్టేబుళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళాను. గొళ్ళెం తీయించాం, కొడుకుని నలుగురిలో నిలబెట్టి నాలుగు మాటలు గట్టిగా అన్నాం, రాయించుకుని వచ్చేశాం. మంచి పని చేశానని ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అంతకుముందు పక్కింటావిడ గోడ మీంచి రోజూ ఇంత మజ్జిగన్నం అందించేది. మేం వచ్చి వెళ్ళిన వారానికి ఆ గోడ రెండు వరసలు లేపేశారు. నెల తర్వాత నేను మళ్ళీ వెళ్తే ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "నువ్వొచ్చావు, వెళ్ళిపోయావు బాబూ. నేను ఇక్కడే ఉండాలి కదా" అంది. ఆ మాట తర్వాత నేను పనిచేసే పద్ధతి మారింది. ఆవిడకి ఏం కావాలో ఒక్కసారైనా అడగకుండా ఆవిడ ఇంట్లోకి వెళ్ళాను. వెళ్ళాక ఆవిడ ఎక్కడ ఉంటుంది, ఎవరు అన్నం పెడతారు అన్నది చూడకుండా వచ్చేశాను.

అందుకని మీరు చేయాల్సిన మొదటి పని అమ్మగారిని ఆ ఇంటి బయట, ఓ రెండు గంటలు ఒంటరిగా కలవడం. కంటి పరీక్షకని తీసుకెళ్ళండి, గుడికని తీసుకెళ్ళండి. అన్నయ్యతో గొడవ పెట్టుకోవద్దు, ఎత్తిపొడుపులు వద్దు, ఈసారికి ఆయన మీద మీకేమీ అనుమానం లేనట్టే ఉండండి. బయటికి వచ్చాక కూడా "అన్నయ్య కొడుతున్నాడా?" అని అడగకండి. అలా అడిగితే ఏ తల్లీ అవునని చెప్పదు. రోజు ఎలా గడుస్తోందో అడగండి. రాత్రి ఏం తిన్నావు, ఎవరు పెట్టారు? అందరితో కలిసి తింటున్నావా, నీ కంచం వేరేనా? బీపీ మాత్రలు ఎవరిస్తారు? చేతిలో వంద రూపాయలు కావాలంటే ఎవరినడగాలి? వారంలో ఇంటికి ఎవరైనా వచ్చారా? పడుకునే చోట ఫ్యాన్ ఉందా? ఇంట్లో ఎవరి గొంతు వినబడితే నీకు టెన్షన్ వస్తుంది? ఇలా అడుగుతూ పోతే, సమాధానాల మధ్యలో అసలు విషయం తనంతట తానే వస్తుంది. వచ్చినప్పుడు మీరు ఏడవకండి, కోప్పడకండి. మీరు కంగారు పడితే ఆవిడ వెంటనే మూత పెట్టేస్తుంది, "వాడు మంచివాడేలే, కోపంలో అలా" అని సర్దేస్తుంది.

తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: "నీకేం కావాలమ్మా?" చాలామంది పిల్లలు ఇది అడగరు. నా దగ్గరికి వచ్చిన తల్లుల్లో కొడుకు జైలుకి వెళ్ళాలని కోరుకున్నవాళ్ళు ఒకరిద్దరికి మించి నాకు గుర్తు లేరు. "చెయ్యి చేసుకోకుండా ఉంటే చాలు", "నా పెన్షన్ నా చేతికిస్తే చాలు", "కూతురితో మాట్లాడనిస్తే చాలు", "నా ఇంట్లో నన్ను చావనిస్తే చాలు". ఎక్కువగా ఇవే. మీ అమ్మగారు ఏది చెప్తే మనం దాని మీదే పని చేయాలి. మతిస్థిమితం బాగానే ఉన్న మనిషి తరఫున, ఆవిడకి ఇష్టం లేని నిర్ణయం మీరు తీసుకుంటే అన్నయ్య చేసేదానికీ మీరు చేసేదానికీ పెద్ద తేడా ఉండదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. మతిమరుపు జబ్బు, అంటే డిమెన్షియా మొదలైన పెద్దవాళ్ళు "నా డబ్బులు దొంగిలించారు", "నాకు అన్నం పెట్టలేదు" అని నిజంగానే నమ్మి చెప్తారు. పొద్దున తిన్నది వాళ్ళకి గుర్తుండదు. మరోవైపు, "ముసలావిడకి మతి లేదు" అనే మాట వెనక దాక్కుని కొట్టేవాళ్ళూ ఉన్నారు. ఈ రెండిట్లో ఏదో తేల్చాల్సింది డాక్టరే. ఆ కంటి పరీక్ష రోజునే జనరల్ డాక్టరుకి కూడా చూపించండి. బరువు చూడమనండి, గుర్తులు చూపించి కేస్ షీటులో రాయమనండి, ఫలానా చోట, ఇంత సైజు, ఈ రంగు అని. ఆవిడ ఒప్పుకుంటే తేదీ పడేట్టు ఫోటో తీయండి. రేపు అర్జీ పెట్టాల్సి వస్తే ఆ కేస్ షీటుకున్న విలువ వంద మాటలకి ఉండదు. దెబ్బ పెద్దదైతే ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి, అక్కడ మెడికో లీగల్ కేసుగా నమోదు చేస్తారు.

14567 అనే నంబరు రాసిపెట్టుకోండి. దీన్ని ఎల్డర్ లైన్ అంటారు, కేంద్ర ప్రభుత్వం వృద్ధుల కోసం నడిపే ఉచిత నంబరు, ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. దేశమంతా రాకముందు దీని మొదటి అడుగు తెలంగాణలోనే పడింది. తెలుగులోనే మాట్లాడతారు. ఫోన్లో సలహాతో ఆగకుండా, అవసరమైతే వాళ్ళ ఫీల్డు మనిషి వెళ్ళి చూసి వస్తారు. యూనిఫాం లేని మనిషి వెళ్ళి మంచి మాటగా మాట్లాడితే చాలా ఇళ్ళలో అక్కడికే పరిస్థితి మెత్తబడుతుంది, నేను కళ్ళారా చూశాను. బెంగళూరు నుంచి చేస్తే కర్ణాటక వాళ్ళకి కలిసే అవకాశం ఉంది కాబట్టి, ఆంధ్ర కేసు అని ముందే చెప్పండి. అమ్మగారు స్త్రీ కాబట్టి 181 కూడా పనికొస్తుంది, ఆ నంబరు నుంచి సఖి కేంద్రానికి కలుపుతారు, కొద్ది రోజులు తలదాచుకోవడానికి చోటూ ఉంటుంది. 2005 గృహహింస చట్టం భార్యలకే అనుకుంటారు చాలామంది. కాదు. తల్లి కూడా కొడుకు మీద రక్షణ ఉత్తర్వు అడగొచ్చు. ఆ చట్టంలో "వయోజనుడైన పురుషుడు" మీదే ఫిర్యాదు అన్న మాటని 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది, కాబట్టి కొట్టేది కోడలైనా అడగొచ్చు. దెబ్బలు ఆగడం ఒక్కటే ముఖ్యమైతే ఆస్తి జోలికి పోకుండా ఈ దారిలో వెళ్ళడమే మంచిదని నా అభిప్రాయం.

ఇప్పుడు 2007 చట్టం. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం. దీనికింద అర్జీ ఆర్డీవో దగ్గర పెడతారు, ఆయనే ట్రైబ్యునల్, అంటే విని తీర్పు చెప్పేది ఆయనే. మీ అమ్మగారి ఊరికి రేపల్లె ఆర్డీవో. అర్జీ అమ్మగారు స్వయంగా పెట్టొచ్చు, చేతకాకపోతే ఆవిడ అధికారం ఇచ్చిన మీరైనా, ఏదైనా సంస్థైనా పెట్టొచ్చు. ఇంకో సౌకర్యం ఉంది. తల్లి ఇప్పుడు ఎక్కడ ఉంటోందో, చివరగా ఎక్కడ ఉందో, కొడుకు ఎక్కడ ఉన్నాడో, ఈ మూడిట్లో ఏ జిల్లాలోనైనా పెట్టొచ్చు. అంటే అమ్మగారు మీ దగ్గరికి వచ్చేస్తే బెంగళూరులో పెట్టినా చెల్లుతుంది. కానీ మన భాషలో, మన ఊరి అధికారి ముందు జరిగితేనే ఆవిడ ధైర్యంగా మాట్లాడగలుగుతుంది, నేనైతే రేపల్లెలోనే పెట్టమంటాను.

నోటీసు అందిన దగ్గర్నుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. ముందు రాజీకి పంపే వీలుంది, నెల రోజుల్లో రాజీ అధికారి రిపోర్టు ఇవ్వాలి. తేలేలోపు మధ్యంతరంగా నెల భృతి ఇప్పించమనీ అడగొచ్చు, చాలామంది ఇది అడగడం మర్చిపోతారు. చివరికి ఇప్పించే భృతికి నెలకి 10,000 రూపాయల పరిమితి ఉంది. దాన్ని ఎత్తేయాలని, అల్లుళ్ళని, కోడళ్ళని కూడా బాధ్యుల్లో చేర్చాలని 2019లో బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. అందుకే ఇవాళ్టికీ కోడలి మీద నేరుగా భృతి అడగలేం, కొడుకు, కూతురు, మేజరైన మనవలు మాత్రమే వస్తారు. ఎక్కువ మొత్తం కావాలనుకుంటే మేజిస్ట్రేటు కోర్టులో అడిగే దారి ఉంది. పాత సీఆర్‌పీసీలో 125 సెక్షనే, 2024 జూలై నుంచి దాని బదులు వచ్చిన కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 144 అయింది, అక్కడ ఈ పరిమితి లేదు. రెండు చోట్లా అడగడానికి వీల్లేదు, ఒకటి ఎంచుకోవాలి. ట్రైబ్యునల్లో లాయర్లు వాదించకూడదని చట్టంలో ఉంది కానీ కొన్ని హైకోర్టులు అనుమతించాయి. అన్నయ్య లాయరుతో వస్తే కంగారు పడకండి, అమ్మగారి తరఫున మాట్లాడమని జిల్లా సంక్షేమాధికారిని అడిగే హక్కు మీకు చట్టమే ఇచ్చింది. జిల్లా కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది, స్త్రీలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు, వాళ్ళ నంబరు 15100. ఉత్తర్వు నచ్చకపోతే 60 రోజుల్లో కలెక్టరు దగ్గర అప్పీలు.

మీకు కష్టంగా అనిపించే మాట ఒకటి చెప్పాలి. అర్జీ పడగానే మీ అన్నయ్య "చెల్లెలికి కూడా బాధ్యత ఉంది, ఆమెనీ చేర్చండి" అంటాడు. అనే హక్కు ఆయనకి ఉంది. కూతురు కూడా సమానంగా బాధ్యురాలే. ఆర్డీవో కూడా మిమ్మల్ని చూడగానే ముందు "ఇది పంపకాల గొడవేమో" అనుకుంటారు. పొలం అన్నయ్యకి వెళ్ళింది కాబట్టి చెల్లెలు తల్లిని ముందు పెట్టిందేమో అని. ఈ అనుమానాన్ని మొదటి రోజే తీసేయండి. "అమ్మ నా దగ్గర ఏడాదికి ఇన్ని నెలలు ఉంటుంది, నెలకి ఇంత నేను ఇస్తాను, ఆస్తిలో నాకేమీ వద్దు" అని రాసిచ్చేయండి, మీకు నిజంగా ఆ ఉద్దేశం ఉంటేనే. ఆస్తి మీద మీకు కూడా ఆశ ఉంటే అది తప్పేమీ కాదు, కానీ దానికి సివిల్ కోర్టు వేరే ఉంది. ఈ రెండూ కలిపితే నష్టపోయేది అమ్మగారే. కలిపినవాళ్ళవి ఏళ్ళ తరబడి సాగాయి, ఆ తల్లుల్లో కొందరు ఉత్తర్వు వచ్చేసరికి లేరు.

గిఫ్ట్ డీడ్ వెనక్కి వస్తుందా అంటే, డాక్యుమెంటు చూడకుండా చెప్పలేను. 2007 చట్టం 23వ సెక్షన్ ఏమంటుందంటే, బాగోగులు చూసుకోవాలనే షరతు మీద ఆస్తి రాసిచ్చి, తీసుకున్నవాళ్ళు చూడకపోతే, మోసం చేసి రాయించుకున్నట్టు భావించి ట్రైబ్యునల్ రద్దు చేయొచ్చు. ఆ షరతు ఉందని చూపించాలి, "ప్రేమతో ఇచ్చాను" అని మాత్రమే రాసి ఉంటే కష్టం. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు అలాగే చెప్పింది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌లోని ఒక తల్లి కేసులో మాత్రం, ఈ చట్టం పెద్దవాళ్ళకి మేలు చేయడానికి పుట్టింది కాబట్టి ఉదారంగా చదవాలని చెప్పి గిఫ్ట్ డీడ్ రద్దు చేసి, ఇల్లు తిరిగి అప్పగించమంది. ఆ కేసులో కొడుకు అదే రోజు విడిగా "జీవితాంతం చూసుకుంటాను" అని రాసిచ్చిన కాగితం ఉంది. కాబట్టి మీరు కూడా ఇంట్లో అలాంటి కాగితం, పెద్దమనుషుల ముందు రాసుకున్న ఒప్పందం ఏదైనా ఉందేమో అమ్మగారిని అడగండి. డాక్యుమెంటు అన్నయ్య బీరువాలో ఉందని దిగులు పడొద్దు. స్థిరాస్తి దస్తావేజుల నకలు ఎవరైనా రిజిస్ట్రారాఫీసులో అడిగి తీసుకోవచ్చు. ముందు మీసేవలో ఈసీ, అంటే ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే కాగితం తీయండి, అందులో డాక్యుమెంటు నంబరు, సంవత్సరం వస్తాయి, వాటితో నకలుకి అర్జీ పెట్టండి. ఈసీలో ఇంకో సంగతి కూడా తెలుస్తుంది, అన్నయ్య ఆ పొలం ఈపాటికే ఎవరికైనా అమ్మేశాడా, తాకట్టు పెట్టాడా అని. పొలం చేయి మారుతోందని తెలిస్తే తొందరపడాలి.

డబ్బు సంగతి చట్టం కన్నా ముందే చక్కబెట్టొచ్చు. వితంతు పెన్షన్ 4,000 ఒకటో తారీఖున గ్రామ సచివాలయం వాళ్ళు ఇంటికి తెచ్చి, ఆవిడ వేలిముద్ర వేయించుకుని ఇస్తారు. వేలిముద్ర ఆవిడది, నోట్లు కొడుకు జేబులోకి. ఆ ఊరి సచివాలయంలో సంక్షేమం చూసే ఉద్యోగికి ఒక్క మాట చెప్పండి, డబ్బు ఆవిడ చేతిలో లెక్కపెట్టి ఇమ్మని, ఆ రెండు నిమిషాలు ఆవిడతో కుశలం మాట్లాడమని. నెలకోసారి ఒక బయటి మనిషి వచ్చి "బాగున్నావా పెద్దమ్మా" అని అడిగే ఇంట్లో చెయ్యి లేవడం తగ్గుతుంది. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది, కాదు. నేను చూసినంతవరకు, కొట్టడం కన్నా చాలా ముందే ఆ మనిషికి వచ్చే పోయేవాళ్ళని ఆపడం, ఫోన్ తీసుకోవడం, డబ్బు తీసుకోవడం జరుగుతాయి. కాబట్టి వైద్యం కూడా అక్కడే మొదలుపెట్టాలి. బ్యాంకు ఖాతా ఉంటే దానికి ఎవరి మొబైల్ నంబరు కలిపి ఉందో చూడండి. అన్నయ్యది అయితే బ్యాంకుకి అమ్మగారిని తీసుకెళ్ళి మార్పించండి, ఏటీఎం కార్డు ఆపించి కొత్తది తీయించండి. 70 దాటినవాళ్ళకి ఇంటికే వచ్చి సేవలందించాలని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులకి చెప్పింది, మేనేజరుని అడగండి. ఒక మామూలు బటన్ ఫోన్ కొనిచ్చి, ఒకటి నొక్కితే మీకు, రెండు నొక్కితే పక్కింటి ఆవిడకి వెళ్ళేట్టు పెట్టండి. పక్కింటి ఆవిడ, ఆశా కార్యకర్త, గుడి పూజారి గారు, మీ చిన్నప్పటి స్నేహితురాలు, ఎవరో ఇద్దరిని పెట్టుకోండి, వారానికోసారి ఆ గడప తొక్కేవాళ్ళని.

మీ వదిన గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. ఆవిడతో విడిగా మాట్లాడండి. ఈ అర్జీల్లో నేను కోడళ్ళ మాట వినడం ఆలస్యంగా నేర్చుకున్నాను. పొద్దున్నించి రాత్రి దాకా మంచం పట్టిన మనిషిని ఎత్తి దించేది చాలా ఇళ్ళలో కోడలే, ఆవిడకి ఒక్క రోజు సెలవుండదు, మెచ్చుకునేవాళ్ళూ ఉండరు. ఓపిక అయిపోయిన చోట నోరు ముందు జారుతుంది, తర్వాత చెయ్యి. దానికి అర్థం కొట్టినా ఫరవాలేదని కాదు. కానీ అసలు కారణం అలసటే అయితే, అమ్మగారిని ఏడాదిలో మూడు నాలుగు నెలలు మీ దగ్గర ఉంచుకుని, పొద్దుటిపూట సాయానికి ఒక మనిషిని పెట్టి జీతం మీరిస్తే, ఆర్డీవో గడప తొక్కక్కర్లేకుండానే చాలా మారిపోవచ్చు. మీ అన్నయ్యకి తాగుడు అలవాటుందా, అప్పులున్నాయా అన్నదీ వదినే చెప్పగలదు. తాగి కొట్టే కొడుకు విషయంలో మాత్రం రాజీ మాటలు నమ్మకండి. అక్కడ అమ్మగారి పడక వేరే ఇంటికి మారాలి, లేదా కొడుకు బయటికి వెళ్ళాలి. ఒకవేళ ఇల్లు అమ్మగారికి తిరిగి వస్తే కొడుకుని ఖాళీ చేయించే అధికారం ట్రైబ్యునల్‌కి ఉంది. వదినకి మాత్రం గృహహింస చట్టం కింద అదే ఇంట్లో నివాస హక్కు ఉండొచ్చు, 2020లో సుప్రీంకోర్టు ఆ రెండు చట్టాలనీ కలిపి చూడాలంది.

ఒకసారి ఒక పెద్దాయన అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకి మూడు సోమవారాలు తిరిగాడు. ప్రతిసారీ "పై వారం రా తాతా" అన్నారు. నోటిమాటే, కాగితం మీద ఏమీ లేదు. నాలుగో వారం ఆయన రాలేదు, కొడుకు కంట పడిపోయాడట. అందుకే మీరు ఏ అర్జీ ఇచ్చినా రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టాంపు, తేదీ వేయించుకోండి. కదలకపోతే సోమవారం కలెక్టరాఫీసులో గ్రీవెన్స్ ఉంటుంది, అక్కడ ఇస్తే నంబరు పడుతుంది. తెలంగాణలో ఉన్నవాళ్ళకి అదే ప్రజావాణి.

ఇది చదివే పెద్దవాళ్ళు ఎవరైనా ఇంకా ఆస్తి రాయకుండా ఉంటే వాళ్ళకి రెండు మాటలు. పిల్లలకి ఇవ్వాలనిపిస్తే వీలునామా రాయండి, బతికున్నంతకాలం ఆస్తి మీదే, మనసు మారితే మార్చుకోవచ్చు. గిఫ్టే ఇవ్వాల్సి వస్తే రెండు వాక్యాలు తప్పకుండా రాయించండి: నేను బతికున్నంతకాలం ఈ ఇంట్లో నివసించే హక్కు, అనుభవించే హక్కు నాదే అని ఒకటి, నాకు తిండి, వైద్యం, బాగోగులు చూడాలనే షరతు మీద ఇస్తున్నాను, చూడకపోతే రద్దవుతుంది అని రెండు. డాక్యుమెంటు రైటరు "కొడుకే కదండీ, ఎందుకివన్నీ" అంటాడు. రాయమనండి. బాగా చూసుకునే కొడుక్కి ఆ వాక్యాల వల్ల ఏ నష్టమూ లేదు. పేరంటాలకో, పంచాయితీలకో నలుగురిలోకి వెళ్ళడం మానకండి. ఇద్దరు కొడుకుల మధ్య నెలకొకరి దగ్గర వంతులు వేసుకుంటే, మందుల సంచి, ఆధార్, పాసుపుస్తకం మీ పెట్టెలో మీతోనే తిరగాలి, వాళ్ళ బీరువాల్లో కాదు.

మీరు వచ్చే శనివారం వెళ్తానన్నారు. వెళ్ళేముందు ఈసీ తీయించండి, ఆన్‌లైన్లో దొరుకుతుంది. బటన్ ఫోన్, ఓ వెయ్యి రూపాయల చిల్లర నోట్లు తీసుకెళ్ళండి, అమ్మగారి చేతికే ఇవ్వండి, ఎవరి ముందూ కాదు. డాక్టరు రాసింది ఫోటో తీసుకోండి. అమ్మగారు ఏం కావాలని చెప్పారో ఆవిడ మాటల్లోనే, మీరు మార్చకుండా, ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం, డాక్యుమెంటు నకలు వచ్చాక మళ్ళీ రాయండి, పేర్లు, ఊరు లేకుండా. అర్జీ పెట్టాలా, ఎల్డర్ లైన్‌తో సరిపోతుందా అన్నది అప్పుడు చూసి చెప్తాను, పెట్టాల్సి వస్తే ముసాయిదా నేనే రాసిస్తాను.